జవాబు రాని పిల్ల వేషం

అప్రెంటిస్ అని పేరు పెట్టింది మీరే. మా చెల్లెకు పంపిన ఆర్డరు మీద ఆ మాట రాసి, ముద్ర గుద్ది, సంతకం చేసింది మీరే. మరి ఎవరి దగ్గర అప్రెంటిస్? చెప్పండి. సైకిల్ షాపులో పంక్చర్లు నేర్చుకునేవాడికి కూడా ఒక ఉస్తాదు ఉంటాడు. దర్జీ పనికి ఉంటాడు, లారీ తోలడానికి ఉంటాడు. ఐదు తరగతుల పిల్లల్ని చేతిలో పెట్టిన మనిషికి మాత్రం లేడు. ఉన్న ఒక్కణ్నీ మీరే గుంజుకుపోయారు. సగం జీతం ఇవ్వడానికి అక్కరకొచ్చింది గాని ఆ మాట, పని నేర్పడానికి అక్కరకు రాలేదు.

కుర్చీల్లో కూర్చున్న మీకు, రేకుల షెడ్డుకు కాలేజీ అని బోర్డు తగిలించి సర్టిఫికెట్లు పంచినవాళ్లకు, ‘పాఠం చాలా బాగుంది’ అని రిపోర్టు రాసి చాయ్ తాగి పోయిన పెద్దమనిషికి, అందరికీ కలిపే చెబుతున్నాను. నాకు రాయడం ఎవరూ నేర్పలేదు. చెల్లె పారేసిన పుస్తకాలు చూసి నేర్చుకున్నదాన్ని. ముద్దుగా చెప్పడం రాదు. పోయిన జూన్ నుంచి ఈ ఎండాకాలం దాకా మా ఇంట్లో ఏం జరిగిందో అది చెబుతాను.

మిరుగం కార్తె రోజు. శామీర్‌పేట చెరువు చేపలు తెచ్చి పులుసు పెట్టాను. ఇంట్లో మేము నలుగురం. మా నాయిన ఇస్తారి, కొంపల్లి దిక్కు లేచే అపార్ట్‌మెంట్లలో తాపీ మేస్త్రి. నా చెల్లె రోజారాణి. మూడో తరగతి చదివే నా బిడ్డ. కోళ్లఫారంలో గుడ్లు ట్రేలకెత్తే నేను. అరిచి అడిగే నోరు ఊళ్లో ఇంకెవరికీ లేదని నన్నే బడి కమిటీకి చైర్మన్‌ను చేశారు. ఆ పొద్దు మా ఇంటికి పండుగ. రోజాకు టీచరు ఉద్యోగం వచ్చింది, అదీ మా ఊరి బడిలోనే.

నాయిన ముల్లు తీసుకుంటూ అడిగాడు. “బిడ్డా, తాపీ చేతికియ్యకముందు మా మేస్త్రి నాతోని రెండేండ్లు సిమెంట్ మాల్ మోయిచ్చిండు. నీకెవరు నేర్పిండ్రే?”

“కాలేజీల నేర్పిండ్రు నాయినా. టీచింగ్ ప్రాక్టీస్ అని ఉంటది.”

“ఏ బడిల?”

రోజా పకపకా నవ్వింది. “బడికి యాడ తీస్కపోయిండ్రు! కాలేజీలనే. ఓ దినం నేను టీచర్, కడుమోల్లంత పిల్లలు. తెల్లారి ఇంకొకామె టీచర్, నేను పిల్ల.”

అని ఊరుకోలేదు. కంచం పక్కకు జరిపి లేచి నిలబడింది. వాళ్ల బ్యాచిలో బాలాత్రిపురసుందరి అని ఒకామె ఉండేదట. పేట్ బషీరాబాద్ నుంచి వచ్చేది, ఇద్దరు పిల్లల తల్లి. ఆమె ఎప్పుడూ రెండో తరగతి పిల్ల వేషమే వేసేదట. రోజా కొంగు నడుముకు చెక్కి, చూపుడువేలు పైకెత్తి, గొంతు సన్నగా చేసి చూపించింది. “టీచర్, టీచర్, నేను చెప్త టీచర్! చెట్టుకు ఆకే వంటిల్లు టీచర్!”

నా బిడ్డ నవ్వి నవ్వి పొరబోయింది. నాయిన కూడా నవ్వాడు. నవ్వు ఆగాక అడిగాడు.

“మరి జవాబు రాని పిల్ల వేషం ఎవరేసిండ్రు?”

“గసుంటి వేషం ఉండది నాయినా. పిల్ల జవాబు చెప్పకుంటే పాఠం చెప్పేటామెకు మార్కులు కోస్తరు. నువ్వు నాకు చెప్పు, నేను నీకు చెప్త. గంతే.”

“మంచిగుంది మీ బడి. ఫెయిలన్నదే లేదు.”

మళ్లీ అందరం నవ్వాం. ఏదో ఊరి బడికి పోయి పాఠాలు చెప్పినట్టు ఆ కాలేజీవాళ్లే ఎక్కడినుంచో ముద్ర వేయించుకొచ్చారని కూడా రోజా చెప్పింది. అదీ నవ్వులో కలిసిపోయింది.

మా బడికి ఒకే గది, ముందు ఒక వరండా. గోపాలరావు సారు అక్కడ చాలా ఏళ్లుగా ఉన్నాడు. ఇంకో ఏడాదిలో రిటైరు. రోజా మొదటిరోజు చార్టులు, రంగుల చాక్‌పీసులు సంచిలో వేసుకొని పోయింది. ఆయన ఆ సంచి చూసి అన్నాడట, “మంచిగున్నయమ్మా. గోడకు పెట్టు. నువ్వు మాత్రం పోయి ఎనుక కూసో. పిల్లల నడుమ.”

“నేనెప్పుడు పాఠం చెప్పాలె సార్?”

“ఎనుకనుంచి బోర్డు ఎట్ల కనిపిస్తదో నీకు తెలిసినంక.”

రోజాకు కోపమొచ్చింది. ఇంటికొచ్చి సంచి మూలకు విసిరింది. “టీచర్‌గ పోతే గాయిన నన్ను మల్ల పిల్లను జేసిండక్కా.”

రెండు మూడు వారాల తర్వాత బడి కప్పు కురుస్తోందంటే చూడడానికి పోయాను. గుమ్మంలోనే ఆగిపోయాను. రోజా వెనక చాప మీద తృప్తి పక్కన కూర్చుని ఉంది. తృప్తి మా వాడకట్టు శివమ్మ బిడ్డ. నలుగురు ఆడపిల్లల తర్వాత పుట్టింది, ఇక చాలని ఆ పేరు పెట్టారు. నాలుగో తరగతి. బడిలో ఆ పిల్ల గొంతు విన్నవాళ్లు లేరు.

గోపాలరావు సారు అడిగాడు. “ఎండాకాలం చెరువుల నీళ్లు యాడికి పోతయి? తృప్తీ, నువ్వు చెప్పు.”

తృప్తి తల వంచుకుంది. ముందు వరుసలో నా బిడ్డ వేలెత్తి ఊపుతోంది. సారు దానివైపు చూడలేదు. తృప్తివైపూ చూడలేదు. కళ్లద్దాలు తీసి, ధోవతి అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఒక అద్దం తుడిచాడు. వెలుగుకు పెట్టి చూసుకున్నాడు. రెండోది తుడిచాడు. బడంతా చప్పుడు లేదు. పైనుంచి బకెట్‌లోకి చుక్కలు పడుతున్నాయి.

“కొన్ని మబ్బులకు పోతయి” అంది తృప్తి. గొంతు గరగరలాడింది. “కొన్ని బర్ల కడుపులకు పోతయి.”

సారు అద్దాలు పెట్టుకున్నాడు. ఏమీ మెచ్చుకోలేదు. ఆ రెండు మాటలూ బోర్డు మీద రాసి, పాఠం అక్కడినుంచి ఎత్తుకున్నాడు.

ఆ సాయంత్రం రోజా ఇంట్లో కూర్చోలేకపోయింది. “అక్కా, ఆయన అద్దాలకు మురికే ఉండది! ఊరికెనే తుడుస్తడు. పిల్ల మీద చూపు పడకుంట, పిల్లకు టైం దొరుకుతది. ఇది ఏ పుస్తకంల లేదక్కా.” పొయ్యి దగ్గర నా వెంట తిరుగుతూ అదే చెప్పింది. ఐదు తరగతులను ఎట్లా నడుపుతాడో, ఒకటో తరగతిని మూడో తరగతి పక్కన ఎందుకు కూర్చోబెడతాడో, ఒక మూల పని అంటించి ఇంకో మూలకు ఎట్లా పోతాడో చెప్పింది. తర్వాత వారం ఒకటో తరగతి ఆమెకిస్తానన్నాడట. ఏడాది తిరిగేసరికి మొత్తం బడి అప్పజెప్పి పోతానన్నాడట. నా చెల్లె టీచరవుతోందని నాకు ఆ పొద్దు నమ్మకం కలిగింది. ఆర్డరు వచ్చిన రోజు కాదు.

ఆ తర్వాత వారం రాలేదు. ఏదో ఇంటింటి సర్వే, దానికి లెక్క రాసే మనుషులు కావాలి. గోపాలరావు సారును డిప్యుటేషన్ మీద వేశారు. బడిలో ఇద్దరున్నారు గదా, ఒకరు పోతే ఏమన్నట్టు.

నేను ఫారం పని ఎగ్గొట్టి మండలం ఆఫీసుకు పోయాను. అక్కడ బళ్ల సంగతి చూసే సారు ఫైలు మూయకుండానే మాట్లాడాడు.

“చూడమ్మా, ఆర్డరు పైనుంచి వచ్చింది. మీ బడి మూతపడలేదు గదా. కొత్త టీచరు ఉంది.”

“ఆమె నేర్చుకుంటాంది సార్. ఇంక ఒకటో తరగతి గుడ చెప్పలే.”

“ట్రైనింగ్ అయింది, సర్టిఫికెట్ ఉంది. ఇంకేం నేర్చుకుంటది? ఒంటరిగా చేస్తేనే పని వస్తుంది.”

“మరి మీ జీపు డ్రైవర్‌ను గిట్లనే పెట్టుకుంటరా? సర్టిఫికెట్ సూసి, ఒక్కన్నే తోలుమని, ఎనుక మీరు కూసుంటరా?”

పక్క బల్ల మీది గుమాస్తా నవ్వాడు. ఆ సారు నవ్వలేదు. “చైర్మన్ అంటే బడికి సున్నం వేయించాలమ్మా. ఉపన్యాసాలు కాదు.”

గోపాలరావు సారు పోతూ పోతూ రోజాతో అన్నాడు, “నెల దినాలల్ల వస్తనమ్మా. అప్పటిదాంక అన్ని తరగతులకు ఒకటే పాఠం జెప్పు, తప్పేం లేదు. పిల్లలను మాత్రం ఉరికియ్యకు.” ఆ నెల తర్వాత ఇంకో పని అంటించారు. దాని తర్వాత ఇంకోటి. ఆయన మళ్లీ బడి గడప తొక్కలేదు.

ఇక మా ఇంటి సంగతి. రోజా గొంతు పోయింది. పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి మాట బయటికి రాదు. ఉప్పునీళ్లు కాచిస్తే పుక్కిలించి పడుకునేది. ఒకటో తరగతి ఏడుస్తుంటే ఐదో తరగతి కొట్టుకునేది. మూడుకు లెక్క చెబుతుంటే రెండు వరండా దాటి పోయేది. చార్టులు చినిగిపోయాయి. బెత్తం కొన్నదని నా బిడ్డ చెప్పింది.

ఒకరోజు అన్నం ముందు కూర్చుని అంది. “నాకు కండ్లద్దాలు లేవక్కా.” నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. “ప్రశ్న అడిగి ఆగుతున్న. నేను ఆగుడుతోనే బడంత సంత అయితాంది. ఆయన ఆగితే ఎందుకు గాలే? అది సూసుడు గాలేదు నేను. అది నేర్సుకునేలోపట్నే…” మాట ఆపి చేయి కడుక్కుంది.

మెల్లగా ఆమె ఆగడం మానేసింది. జవాబు వచ్చే పిల్లల్నే అడిగేది. వాళ్లు చెబితే బడి నడుస్తున్నట్టుండేది. ఆ కాలేజీలో నేర్పింది అదొక్కటే గదా, కష్టమొచ్చినప్పుడు అదే చేతికొచ్చింది. తృప్తి వెనక చాప మీదే ఉండిపోయింది. దాని పక్కన రోజా లేదు.

దసరా సెలవులయ్యాక కబురొచ్చింది. అప్రెంటిస్‌ల పాఠాలు చూడడానికి పై సారు వస్తున్నాడని. ఆయన బాగుందని రాస్తేనే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంకా పొడిగింపు. రోజాకు తిండి సయించలేదు. వాళ్ల బ్యాచివాళ్లు ఉపాయం చెప్పారు. అన్ని బళ్లలో జరిగేదేనట, కాలేజీలోనే చెప్పారట. ఇన్‌స్పెక్షన్ రోజు జవాబు రాని పిల్లలకు సెలవిచ్చెయ్యి. ఉన్నవాళ్లతో అదే పాఠం ముందే నాలుగుసార్లు చదివించు.

నాకు ఇవేవీ తెలియవు. చైర్మన్‌ను గదా, ఆ రోజు నన్నూ పిలిచారు. ఉతికిన చీర కట్టుకొని వెనక నిలబడ్డాను. పై సారు కుర్చీలో కూర్చున్నాడు. రోజా గొంతు ఆ రోజు ఎక్కడినుంచి వచ్చిందో గాని గంటలా మోగింది.

“పిల్లలూ, మొక్కలు ఆహారాన్ని ఎక్కడ తయారుచేసుకుంటాయి?”

వేళ్లన్నీ ఒక్కసారి లేచాయి. అన్నిటికంటే పైన నా బిడ్డ వేలు. “టీచర్, టీచర్, నేను చెప్త టీచర్! చెట్టుకు ఆకే వంటిల్లు టీచర్!”

చూపుడువేలు అట్లానే ఉంది, సన్నని గొంతు అట్లానే ఉంది. మిరుగం నాడు మా ఇంట్లో నవ్వుకున్న ఆటే. పై సారు తల ఊపుతూ రాసుకుంటున్నాడు. వెనక చాపలు మడతపెట్టి గోడకు ఆనించి ఉన్నాయి.

“కడుమ పిల్లలేరి సార్?” అన్నాను.

“జ్వరాలటమ్మా. సీజన్ గదా.” ఆయన లేచాడు. “మంచి టీచరు దొరికింది మీ ఊరికి. ఇట్లాంటి మోడల్ పాఠం ఈ మధ్య చూడలేదు.” చాయ్ తాగాడు. పోయాడు.

ఇంట్లో కొట్లాడాను. దాచడమెందుకు, గట్టిగానే కొట్లాడాను. “ఎవల్ని వెళ్లగొట్టినవే? ఎందరిని?”

“ఒక్క దినం సెలవిచ్చిన. అందరిస్తరు.”

“తృప్తికి ఏమని జెప్పినవ్?”

నాయిన చేయి అడ్డం పెట్టాడు. “ఇగ ఇడువుండ్రి. ఉద్యోగమైతే నిలవడ్డది గద.” ఆ మాటకు రోజా లేచి బయటికి పోయింది.

ఒక్కరోజు సెలవుకు పోయిన పిల్లల్లో కొందరు తెల్లారి వచ్చారు. కొందరు రాలేదు. అప్పుడు వీరేందర్ పటేలు ద్రాక్షతోటలో కాయ లావెక్కడానికి గుత్తులకు మందు పట్టే కాలం. చిన్న చేతులు ఎన్నొస్తే అన్ని కావాలి. ఒకరోజు పనికి పోయినవాళ్లు రెండో రోజూ పోయారు. వారమైనా తృప్తి బడికి రాలేదు. రోజా నా దగ్గరికొచ్చి మెల్లగా అంది. “అక్కా, తోటకాడికి పోదామా? నాకొక్కదానికి మొకం జెల్లదు.”

పోయాం. పందిరి కింద శివమ్మ స్టూలెక్కి ఒక్కో గుత్తిని మందు చెంబులో ముంచి తీస్తోంది. తృప్తి మందు బకెట్ పట్టుకొని తల్లి వెంట వరుస వెంబడి నడుస్తోంది. ఒకే గుత్తిని రెండుసార్లు ముంచితే పాడైపోతుంది, అది చూసుకోవడం ఆ పిల్ల పని. “అది అయిందే అమ్మా. దాని పక్కది. గది కాదు, గా ఆకు చాటుకున్నది.” బడిలో వినని గొంతు. గరగర కూడా లేదు.

శివమ్మ మమ్మల్ని చూసి స్టూలు దిగింది. “టీచరమ్మా, నేను వద్దనలే. బడికి పొమ్మనే అంటున్న. పిల్లనే పోనంటాంది. ఎందుకే అంటే నోరిప్పది.”

రోజా ముందుకు పోయింది. “తృప్తీ, బడికి ఎందుకొస్తలేవమ్మా?”

తృప్తి బకెట్ కింద పెట్టింది. తల వంచుకుంది. కూలివాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. నేను నోరు తెరవబోయాను. రోజా చేయి వెనక్కి పెట్టి నన్ను ఆపింది. తర్వాత చేతి గడియారం విప్పింది. కొంగుతో దాని అద్దం తుడవడం మొదలుపెట్టింది. తృప్తివైపు చూడలేదు. ఒకసారి తుడిచింది. వెలుగుకు పెట్టి చూసింది. మళ్లీ తుడిచింది. పందిరి మీద పిట్టలు అరుస్తున్నాయి. నా చెల్లె ఆగింది. గోపాలరావు సారు ఆగినట్టే ఆగింది.

“నేనొస్తే, సారోల్లు వచ్చినప్పుడు మీకు మాటొస్తది గద టీచర్” అంది తృప్తి. “మీరు మంచోల్లు. అందుకే వస్తలేను.”

రోజా గడియారం మళ్లీ పెట్టుకోబోయింది. పట్టీ కుదరలేదు. గుప్పిట్లోనే పట్టుకుంది. “పోదామక్కా” అంది నాతో.

రిపోర్టు వచ్చింది. ‘చాలా బాగుంది’ అని ఉంది. మండలంలో మిగతా అప్రెంటిస్‌లకు ఆ పాఠం చెప్పి చూపించాలని కూడా ఆర్డరొచ్చింది. పాఠం చూపించాల్సిన రోజు రోజా సెలవు పెట్టింది. ఇప్పుడు రోజూ బడికి పోతుంది, వస్తుంది. ఇంట్లో బడి మాట ఎత్తదు. నాయిన పనికాడ ‘మా బిడ్డ టీచరమ్మ’ అని చెప్పుకోవడం మానుకున్నాడు. నా బిడ్డ జవాబు చెప్పబోయి వేలెత్తితే చిన్నమ్మ మొహం తిప్పుకుంటుంది. అది ఎందుకో దానికి తెలియదు. అన్నాలప్పుడు కంచాల చప్పుడే. మందు పట్టడమయ్యాక తోటలో కాయ పలుచన చేసే పని వచ్చింది, ఆ తర్వాత కోత వచ్చింది. తృప్తి రాలేదు. గోపాలరావు సారు సర్వే కాగితాల మధ్యనే రిటైరయ్యాడు. ఆయనకు తెలిసింది ఆయనతోనే మేడ్చల్‌లోని ఇంటికి పోయింది.

మళ్లీ జూన్ వస్తోంది. కొత్త అప్రెంటిస్‌ల జాబితా వేశారని విన్నాను. అందుకే రాస్తున్నాను.

ఆ పిల్లల్ని ఒంటరిగా బళ్లలోకి తోలొద్దు. ప్రతి ఒక్కరినీ పనిలో పండిన ఒక టీచరు పక్కన ఏడాది పొడుగునా కూర్చోబెట్టండి. ఆ ఏడాదిలో ఆ ఇద్దర్నీ ఏ సర్వేకూ ముట్టుకోవద్దు. రిటైరైన గోపాలరావు సారు వస్తానంటున్నాడు, మర్యాదగా పిలుచుకురండి, మా చెల్లెకు మిగిలిన పని నేర్పనివ్వండి. ముద్రలు అమ్ముకునే కాలేజీలకు తాళం వేయండి. తృప్తి ఇంటికి మీరే పోండి. నువ్వు వస్తే ఎవరికీ మాట రాదని ఆ పిల్లకు మీ నోటితో చెప్పండి.

బడి చూడడానికి వచ్చినప్పుడు జవాబు చెప్పే పిల్ల ముందు కూర్చోకండి. మడతపెట్టిన చాపలు విప్పించండి. వెనకున్న పిల్లను ఒక ప్రశ్న అడగండి. అడిగి, మీ కళ్లద్దాలు తీసి తుడుచుకోండి. ఆ పిల్ల నోరిప్పేదాకా ఆగండి.